సంచిలోని రెండు రాళ్లు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 1:16, 17, 25:13–15, నిర్గమకాండము 23:2, 3, అపొస్తలుల కార్యములు 16:16–40



ఒక మనుష్యుడు తన డబ్బుతో ఒక చిన్న అంగడి పెట్టుకొనవలెనని కోరుచున్నాడు. ఆ కోరికను ఒప్పుకొనుటకో త్రోసివేయుటకో కొందరికి అధికారమున్నది. ఆ కొందరు దేనినిబట్టి ఔననవలెను? దేనినిబట్టి కాదనవలెను? ఈ మాసము మీతో మాటలాడవలెనని నేననుకొనిన ప్రశ్న ఇదే. చూచుటకు ఇది పట్టణవాసుల ప్రశ్నవలె నున్నది. అయినను పంచాయితీలో కూర్చుండువారికిని, సంఘపెద్దలకును, పొలము గట్టుమీద తగవు తీర్చువారికిని ఇది తగులును. నాకును తగిలినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

అమెరికా దేశపు పట్టణములలో ప్లానింగు కమీషను అను ఒక సభ యుండును. పట్టణమును భాగములుగా విడదీసి, ఈ భాగములో ఇండ్లు, ఆ భాగములో అంగళ్లు, వేరొక భాగములో కర్మాగారములు ఉండవలెనని అక్కడ చట్టము చేయుదురు. దీనిని జోనింగు అందురు. న్యూయార్కు 1916లో నగరమంతటికిని వర్తించునట్లు ఇట్టి చట్టము చేసెను. ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను గ్రామము చేసిన చట్టముమీద వ్యాజ్యెము రాగా, ఇట్లు భాగించుటకు ఊరికి అధికారము కలదని 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇందులో మనకు వింతయేమియు లేదు. ఏ చట్టమును లేకుండనే మన పల్లెలలో కుమ్మరి ఆవమును ఇండ్లకు దూరముగా పెట్టుకొనిరి, కళ్లమును గాలివాటు చూచి ఏర్పరచుకొనిరి. నిప్పు, పొగ, దుమ్ము ఇంటిలోనికి రాకూడదు. అదే అందలి తెలివి.

అయితే మరియొక సంగతియు మనకు తెలియును. మనలో అనేకుల తాతముత్తాతల ఇండ్లు ఊరి వెలుపల నుండెను. అవి ఆవములు కావు. వాటినుండి ఎవరి కంటిలోనికిని పొగ పోలేదు. అక్కడ దూరముగా పెట్టబడినది పని కాదు, మనుష్యుడు. అమెరికాలోను ఇట్లు జరిగెను. నల్లవారు ఏ వీధులలో, తెల్లవారు ఏ వీధులలో కాపురముండవలెనో 1910లో బాల్టిమోరు నగరము చట్టముచేత నిర్ణయించెను. మరికొన్ని నగరములు ఆ దారిని పట్టెను. లూయివిల్ నగరపు ఇట్టి చట్టమును 1917లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. గీత గీయుట తప్పు కాదు. పనికి గీసిన గీతయా, మనిషికి గీసిన గీతయా అని చూడవలెను.

ఇప్పుడు ఆ కమీషను ఎదుటికి ఒక చిన్న వర్తకుని అర్జీ ఎట్లు వచ్చునో చెప్పెదను. ఒక స్త్రీ ఇండ్లున్న వీధి చివర రొట్టెల దుకాణము పెట్టదలచినదనుకొనుడి. ఆ చోట అట్టి దుకాణమును చట్టము పూర్తిగా నిషేధింపలేదు, పూర్తిగా ఒప్పుకొననులేదు. అడిగి పెట్టుకొనుమని చెప్పుచున్నది. ఆమె దరఖాస్తు వ్రాసి, రుసుము కట్టి, పటము జతపరచును. పట్టణపు ఉద్యోగులు స్థలము చూచి నివేదిక వ్రాయుదురు. ఇరుగుపొరుగు వారికి ఉత్తరములు పోవును, స్థలమునందు నోటీసు అంటింపబడును. నియమింపబడిన దినమున బహిరంగ విచారణ జరుగును. ఎవరైనను లేచి రెండు మూడు నిమిషములు మాటలాడవచ్చును. ఒకడు బండ్లు నిలుపుటకు చోటు లేదనును. ఒకామె తెల్లవారుజామున యంత్రముల చప్పుడుకు నిద్రపట్టదనును. మరియొకామె మా బిడ్డలకు మంచి రొట్టె దొరకునని సంతోషించును. అటుపిమ్మట సభ్యులు చేతులెత్తుదురు. ఒప్పుకొనవచ్చును, త్రోసివేయవచ్చును, లేక షరతులు పెట్టి ఒప్పుకొనవచ్చును. తీర్పునకు కారణములు వ్రాసి పెట్టవలెను. ఇష్టము లేనివారు పై సభకును, అక్కడనుండి న్యాయస్థానమునకును పోవుటకు దారి యుండును.

ఎదురు మాటలాడువారందరు దుష్టులని తలంచకుడి. ముప్పది యేండ్లు అప్పు తీర్చి ఇల్లు సంపాదించుకొనినవానికి రాత్రి నిద్ర కూడ ఒక ఆస్తియే. ప్రక్కయింటిలో ఎవడో లాభము తీయుచుండగా ఆ చప్పుడును తాను భరింపవలసివచ్చిన, అతడు లేచి మాటలాడుట న్యాయమే. ఆ సభలో వచ్చిన కష్టమేమనగా, ఒకే మాటను ఇద్దరు పలుకుదురు. ఒకడు నిజముగా చప్పుడుకు భయపడి పలుకును. మరియొకడు చప్పుడును ముసుగుగా వేసికొని, ఆమె ముఖము తన వీధిలో కనబడకూడదని పలుకును. పుస్తకములో వ్రాయునప్పుడు రెండును ఒకటే మాట.

ఈ రెంటిని వేరుపరచుటకు ఆ షరతుల పద్ధతి కొంత సహాయము చేయును. అది నాకు మిక్కిలి నచ్చినది. చప్పుడు తొందరయైన యెడల ఇన్ని గంటలకే తెరువవలెనని చెప్పుడి. చెత్త తొందరయైన యెడల మూతగల తొట్టి పెట్టుమనుడి. దీపము ప్రక్కయింటి కిటికీలో పడుచున్న యెడల దానిని క్రిందికి త్రిప్పుమనుడి. పని వలన వచ్చు కీడును ఇట్లు కట్టడి చేయవచ్చును. అన్ని షరతులకు ఆమె తలయొగ్గిన తరువాతను ఇంకను వద్దు అనువాడు తన మనస్సును తానే బయటపెట్టుకొనుచున్నాడు.

ఇది ఊహ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో జరిగిన ఒక సంగతిని కొంచెము వివరముగా చెప్పనియ్యుడి. అప్పటికి ప్లానింగు కమీషనులు పుట్టలేదు. అనుమతి ఇచ్చు అధికారము సూపర్‌వైజర్ల బోర్డు అను నగర పాలక సభ చేతిలో నుండెను.

బంగారము దొరకిన కాలమునుండి చీనావారు కాలిఫోర్నియాకు వచ్చిరి. గనులలో పని చేసిరి, కొండలు తొలిచి రైలుమార్గము వేసిరి. ఆ పనులు తగ్గినప్పుడు అనేకులు లాండ్రీలు, అనగా చాకలి దుకాణములు పెట్టుకొనిరి. దానికి పెట్టుబడి కొంచెమే చాలును, భాష అంతగా రానక్కరలేదు. బట్టలను వారు భుజముమీద కావడి వేసికొని ఇంటింటికి మోసికొనిపోయిరి. అది నగరములో కొందరికి కంటగింపాయెను. 1870 తరువాతి సంవత్సరములలో నగరసభ ఒక పన్ను వేసెను. ఒక గుఱ్ఱపు బండి గల లాండ్రీకి మూడు నెలలకు 2 డాలర్లు, రెండు గుఱ్ఱములున్న 4 డాలర్లు, గుఱ్ఱమే లేనివానికి 15 డాలర్లు! గుఱ్ఱము లేనివాడెవడో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ చట్టములో చీనావాడను మాట ఒక్కటియు లేదు. కావడి మోయువానిని కొట్టుటకు గుఱ్ఱములను లెక్కపెట్టిరి, అంతే. ఆ పన్ను న్యాయస్థానములో నిలువలేదు.

1880లో మరియొక చట్టము వచ్చెను. ఇటుకతోనో రాతితోనో కట్టిన ఇంటిలో గాక వేరే ఇంటిలో లాండ్రీ నడుపువాడు సూపర్‌వైజర్ల అనుమతి పొందవలెను. తప్పినవానికి 1,000 డాలర్ల వరకు జరిమానా, లేక ఆరు మాసముల వరకు చెర, లేక రెండును. కారణము అగ్ని. ఈ కారణము అబద్ధమని ఎవడును చెప్పజాలడు. 1849 డిసెంబరు మొదలుకొని 1851 జూను వరకు ఆ నగరము ఆరుమారులు తగులబడెను. లాండ్రీలో కాగులు కాగుచుండును, ఇస్త్రీపెట్టెలు కాచు పొయ్యి రాత్రింబగళ్లు మండుచుండును. కొయ్య యిల్లు, నిప్పు, సముద్రపు గాలి. భయపడుట తప్పా?

అయితే లెక్క చూడుడి. ఆ నగరములో అప్పుడు సుమారు 320 లాండ్రీలుండెను. వాటిలో సుమారు 240 చీనావారివి. 320లో 310 కొయ్యతో కట్టినవే. లాండ్రీల మాట అటుండనిండు, ఆ నగరపు ఇండ్లలోనే పదింట తొమ్మిది కొయ్యవి. చీనావారు సుమారు 200 మంది అనుమతికొరకు అర్జీలు పెట్టిరి. అందరివి త్రోసివేయబడెను. చీనావారు కానివారు సుమారు 80 మంది అడిగిరి. ఒక్కరికి తప్ప అందరికి అనుమతి దొరకెను. చట్టము మీరినారని 150 మందికి పైగా చీనావారు పట్టుకొనబడిరి. అట్టి కొయ్య యిండ్లలోనే అట్టి పనినే చేయుచున్న 80 మందికి పైగా ఇతరులను ఎవరును ముట్టలేదు. నిప్పునకు చీనావాని కొయ్యయు తెల్లవాని కొయ్యయు వేరుగా తెలియునా?

ఈ చీనావారిలో ఒకని సంగతి చట్టపు పుస్తకములలో నిలిచిపోయెను. అతడు 1861లో కాలిఫోర్నియాకు వచ్చి, ఒకే చోట, ఒకే ఇంటిలో 22 సంవత్సరములు లాండ్రీ నడిపెను. నగరపు అగ్నిరక్షణ అధికారులు వచ్చి అతని పొయ్యిలను, బట్టలారబెట్టు సాధనములను, ఇస్త్రీపెట్టెలు కాచు ఏర్పాటును పరీక్షించి, సరిగా నున్నవని పత్రము వ్రాసియిచ్చిరి. ఆరోగ్యాధికారియు మురుగునీరు చక్కగా పోవుచున్నదని పత్రము ఇచ్చెను. అనగా ఆ నగరపు భయమునకు ఆ నగరపు ఉద్యోగులే జవాబు చెప్పియుండిరి. అతడు 1885లో సూపర్‌వైజర్లను అడిగెను. ఆ సంవత్సరము జూలై మాసములో వారు కాదనిరి. అతడు పని మానలేదు. 10 డాలర్ల జరిమానా విధింపగా కట్టనని చెప్పి చెరసాలకు పోయెను. చాకలి దుకాణదారులు సంఘముగా కూడి, డబ్బు పోగుచేసి, మంచి న్యాయవాదులను పెట్టిరి. కాలిఫోర్నియా రాష్ట్రపు పై కోర్టు నగరము పక్షముగా తీర్పు చెప్పెను. వారు దేశపు సుప్రీంకోర్టునకు పోయిరి.

1886 మే 10వ తేదీన తీర్పు వచ్చెను. న్యాయాధిపతియైన స్టాన్లీ మాథ్యూస్ దానిని వ్రాసెను, తక్కినవారందరును ఏకీభవించిరి. దాని భావము నా మాటలలో చెప్పెదను. ఆ చట్టము సూపర్‌వైజర్లకు ఏ కొలబద్దయు ఇయ్యలేదు. ఫలానా విధముగా పొయ్యి కట్టినవానికి అనుమతి యిమ్మని చెప్పలేదు. మీకిష్టమైతే ఇయ్యుడి, ఇష్టము లేకున్న మానుడి అని చెప్పెను. ఒకని బ్రదుకుదెరువు మరియొకని ఇష్టముమీద ఆనుకొనియున్న చోట చట్టమున్నదని చెప్పుటకు వీలులేదు. ఇక రెండవది, కాగితముమీద చట్టము అందరికి సమానముగా కనబడినను, దానిని నడిపిన చేయి ఒక జాతిమీద మాత్రమే పడినది గనుక, ఆ పక్షపాతము చట్టములోనే వ్రాయబడినట్లు ఎంచవలెను.

ఆ మనిషి ఆ దేశపు పౌరుడు కాడు. చీనావారు పౌరులగుటకు అప్పటి చట్టము ఒప్పుకొనలేదు. 1882లోనే చీనా కూలీలు దేశములోనికి రాకుండ తలుపు మూసిరి. అయినను 1868లో ఆ దేశపు రాజ్యాంగములో చేర్చబడిన పదునాలుగవ సవరణ, చట్టము ఎదుట సమాన రక్షణను గూర్చి చెప్పుచోట, పౌరుడు అనక, మనుష్యుడు అను అర్థముగల మాట వాడెను. ఆ మాటను కోర్టు గట్టిగా పట్టుకొనెను. మోషే తన న్యాయాధిపతులకు ఆజ్ఞాపించినప్పుడు, సహోదరుల నడుమ వచ్చిన వ్యాజ్యెమునే గాక పరదేశి వ్యాజ్యెమును కూడ న్యాయముగా తీర్చవలెనని చెప్పిన సంగతి ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయములో చదువుడి. పరదేశికి ఓటు లేదు, బంధువులు లేరు, పలుకుబడి లేదు. అతనికి దొరకు న్యాయమే ఆ ఊరి న్యాయమునకు కొలత.

ఇంకొక చిన్న సంగతి. ఆ వ్యాజ్యెము ఇక్ వో అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. అది ఆ మనిషి పేరు కాదనియు, దుకాణపు పేరనియు చెప్పుదురు. అతనిని పట్టుకొనినవారు పేరు సరిగా అడుగను కూడ లేదేమో!

ఇంతటితో కథ సుఖముగా ముగిసినదని చెప్పుటకు నాకు మనస్సొప్పదు. ఆ తీర్పునకు సంవత్సరము ముందు, 1885లో, అదే సుప్రీంకోర్టు అదే నగరపు మరియొక లాండ్రీ చట్టమును నిలిపెను. రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు, ఏర్పరచిన హద్దులలో, ఏ లాండ్రీలోను ఉతుకరాదు, ఇస్త్రీ చేయరాదు. ఇది చీనావారిమీది ద్వేషముచేత చేసిన చట్టమని వారిలో ఒకడు మొఱపెట్టెను. చట్టము అందరికి ఒకటేగా వర్తించుచున్నది, సభ్యుల హృదయములలోని ఉద్దేశమును మేము వెదకజాలము అని కోర్టు చెప్పెను. నేను ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చాలసేపు ఆలోచించితిని. ద్వేషము రెండింటిలోను ఉండియుండవచ్చును. ఒకదానిలో అది చేతికి దిగినది, లెక్కలో పట్టుబడినది. రెండవదానిలో హృదయములోనే దాగియున్నది. మనుష్యుల కోర్టు చేతిని చూడగలదు. అంతకుమించి చూడలేదని అది ఒప్పుకొనుట వినయమే అని నా తలంపు. అయితే కోర్టు చూడలేదు గనుక నేను నిర్దోషినని సభ్యుడు తనలో తాను అనుకొనరాదు. కోర్టు అడుగని ప్రశ్నను అతడు తన్ను తాను అడుగుకొనవలెను.

ఫిలిప్పీ పట్టణములో జరిగినది జ్ఞాపకము చేసికొనుడి. సోదె చెప్పు చిన్నదానివలన దాని యజమానులకు మంచి లాభము వచ్చుచుండెను. పౌలు దానిని విడిపించినప్పుడు ఆ లాభము పోయెను. వారి నిజమైన మొఱ అదే. కాని న్యాయాధిపతులయొద్దకు పోయి వారు ఆ మాట అన్నారా? లేదు. వీరు యూదులు, మన ఊరిని గలిబిలి చేయుచున్నారు, రోమీయులకు తగని ఆచారములు నేర్పుచున్నారు అని చెప్పిరి. జేబులోని నొప్పికి ఊరి క్షేమమను బట్ట కప్పిరి. జనసమూహము కూడెను. న్యాయాధిపతులు విచారింపకయే బెత్తములతో కొట్టించిరి. సూపర్‌వైజర్ల గదియైనను, ప్లానింగు కమీషను గదియైనను, మన పంచాయితీ అరుగైనను, పైకి చెప్పిన మొఱ వెనుక చెప్పని మొఱ ఒకటి నిలిచియుండవచ్చును. జనము ఎక్కువగా వచ్చినంతమాత్రమున అది న్యాయమైపోదు. నిర్గమకాండము ఇరువది మూడవ అధ్యాయము రెండవ వచనము సమూహముతో కలిసి న్యాయమును త్రిప్పివేయుటనుగూర్చి హెచ్చరించుచున్నది.

ఆ తరువాతి వచనమును చాలమంది దాటిపోవుదురు. బీదవాడు గదా అని వ్యాజ్యెములో అతని పక్షమున మొగ్గవద్దని అది చెప్పుచున్నది. మనమందరము బీదవారము గనుక ఆ వచనము మనకు రుచింపదు. అయినను అది న్యాయమే. చిన్న వర్తకుడని జాలిపడి ప్రక్కయింటి బిడ్డల ఊపిరిమీద అతని బ్రదుకుదెరువును నిలుపజాలము. ఈ లాండ్రీ పనిలోనే దానికి ఉదాహరణ కలదు. నీరు లేకుండ బట్టలు శుభ్రము చేయు డ్రైక్లీనింగు దుకాణములలో పర్‌క్లోరోఎథిలీన్ అను ద్రావకము వాడుదురు. దాని ఆవిరి ఆరోగ్యమునకు చెరుపు. మనుష్యులు కాపురముండు భవనములలో ఆ ద్రావకము వాడు యంత్రములను 2020 డిసెంబరు నాటికి తీసివేయవలెనని అమెరికా పర్యావరణ సంస్థ 2006లో నియమము చేసెను. చిన్న దుకాణములకు అది గొప్ప నష్టమే. కాని ఆ నియమము యంత్రమును చూచెను, ద్రావకమును చూచెను. యజమానుని ముఖము చూడలేదు. గడువును ఇచ్చెను. ఇట్టి కాదు అను మాటను బీదవాడైనను తల ఎత్తి వినవచ్చును.

ఇక్ వో అర్జీని త్రోసివేసిన నూరు సంవత్సరములకు, మరల జూలై మాసములోనే, అటువంటి ప్రశ్నమీదనే ఆ కోర్టు తీర్పు చెప్పెను. ఈసారి టెక్సాసు రాష్ట్రములోని క్లీబర్న్ అను పట్టణము. బుద్ధిమాంద్యముగల 13 మంది స్త్రీపురుషులను ఒక ఇంటిలో ఉంచి చూచుకొనుటకు ఒక సంస్థ ప్రత్యేక అనుమతి అడిగెను. బహిరంగ విచారణ జరిగెను. పట్టణసభ మూడు ఓట్లకు ఒకటిగా కాదనెను. కారణములేమి? ఇరుగుపొరుగు వారికి ఇష్టము లేదు. ఎదుట పాఠశాల యున్నది, పిల్లలు వీరిని గేలి చేయుదురు. ఐదువందల యేండ్లకొకమారు వరద రాగల పల్లము అది. ఒకే ఇంటిలో ఇంతమందియా? ఈ కారణములు మొదటిసారి విన్నప్పుడు నాకు దయగల కారణములుగానే తోచినవి. వరదలో వీరు చిక్కుకొందురేమో అని పాపము వారి భయము!

కోర్టు ఏమని చూపించినదనగా, అదే చోట ముసలివారి ఆశ్రమమునకు గాని, ఆస్పత్రికి గాని, విద్యార్థుల వసతిగృహమునకు గాని ఆ పట్టణము ప్రత్యేక అనుమతి అడుగదు. వరద ముసలివారిని విడిచి వీరినే ముంచునా? ఎదుటి పాఠశాలలో అట్టి బుద్ధిమాంద్యముగల పిల్లలు సుమారు 30 మంది అప్పటికే చదువుకొనుచుండిరి. ఒక్కొక్క కారణమును పట్టి చూడగా అది అందరికి పెట్టిన కారణము కాదనియు, వీరికొరకే వెదకి తెచ్చినదనియు బయటపడెను. ఇరుగుపొరుగు వారి అయిష్టత మాత్రమే కాదు అనుటకు చాలదని 1985లో కోర్టు తీర్పు చెప్పెను.

ద్వితీయోపదేశకాండము ఇరువది అయిదవ అధ్యాయములో సంచిలో పెద్దదియు చిన్నదియు రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనరాదని చెప్పబడినది. కోమటి కొట్టుకు మాత్రమే ఈ మాట అని నేను ఎంతోకాలము అనుకొంటిని. ఇప్పుడు నా సంగతి చెప్పెదను.

మేము ఉన్న ఊరిలో గుడి ప్రహరీగోడ వెలుపల, రోడ్డు ప్రక్కన, సంఘమునకు చెందిన కొంచెము చోటున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట అక్కడ టీకొట్టు పెట్టుకొనుటకు ఒకరు అడిగిరి. ఆయన సంఘపెద్దలలో ఒకరికి దగ్గర చుట్టము. పది నిమిషములలో ఒప్పుకొంటిమి. ఆ తరువాత ఆరు మాసములకు ఒక యౌవనుడు మిరపకాయ బజ్జీల బండి పెట్టుకొందునని అర్జీ తెచ్చెను. కమిటీ కూడెను. పొగ వచ్చును, నూనె వాసన ఆరాధనకు ఆటంకము, గుంపులు చేరుదురు అని కాదంటిమి. మినిట్సు పుస్తకములో నా చేతితోనే వ్రాసితిని, పొగ కారణముచేత అని. అతడు లేచి వెళ్లబోవుచు ఒక్క మాట అనెను. “అయ్యగారూ, టీకొట్టు పొయ్యి తెల్లారగట్ట ఐదింటికే వెలిగిస్తారండి. నా బండి సాయంత్రం పూటేనండి. గుడికాడ పొగ ఎవరిదండి?” నేను జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి కూటము ముగించితిని. ఆ ప్రార్థనలో ఏమి పలికితినో నాకు జ్ఞాపకము లేదు.

కారణము పొగ కాదు. అతని తండ్రి అంతకు మునుపు నామీద పై అధికారులకు అర్జీ పెట్టినవాడు. కమిటీలో ఎవరును ఆ మాట ఎత్తలేదు. ఎత్తనక్కరలేదు, అందరికి తెలియును. బజ్జీల బండికి పొగ వచ్చుననుట అబద్ధమా? కాదు. ఆదివారము గుంపులు కూడవచ్చుననుట అబద్ధమా? కాదు. మేము వ్రాసిన ప్రతి మాటయు నిజమే. అవన్నియు కలిపి అబద్ధమాయెను. అదే మాటను ఆరు మాసముల ముందు మా పెద్దగారి చుట్టముతో అనియుంటిమా? ఆ ఒక్క ప్రశ్న ఆ దినమున నేను వేసికొనియుంటే చాలును. వేసికొనలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కలు, 200, 80, చదివిన రాత్రి లేచి మినిట్సు పుస్తకము తీసి ఆ పేజీ చూచుకొంటిని. నా దస్తూరి చక్కగానే యున్నది.

మరుసటి కూటములో ఆ సంగతి నేనే ఎత్తితిని. పెద్దలలో ఇద్దరు ఇప్పుడెందుకులే అయ్యగారూ అనిరి. ఒకరు మాత్రము చాలసేపు తలవంచుకొని కూర్చుండి, మనము తప్పు చేసితిమి అనెను. తీర్మానము మార్చితిమి. సాయంత్రము పూట మాత్రము, ఆరాధన జరుగు వేళ తప్ప, పొయ్యికి గొట్టము పెట్టుకొనిన యెడల, టీకొట్టుకును బజ్జీల బండికిని ఒకే షరతులు అని వ్రాసితిమి. టీకొట్టు ఆయన కొంచెము కోపపడెను గాని గొట్టము పెట్టించెను.

ఆ కాగితము పట్టుకొని నేనే బస్సు స్టాండు దగ్గరకు పోతిని. అతడు అప్పటికి అక్కడ బండి నిలుపుకొని యుండెను. చుట్టును జనము. నన్ను చూచి బల్ల తుడిచి కూర్చుండుమనెను. నేను తప్పు ఒప్పుకొని కాగితము చేతికిచ్చితిని. చదువుకొని, మడిచి, డబ్బుల పెట్టెలో పెట్టెను. “పర్లేదండి అయ్యగారూ, ఇక్కడ బేరం బాగానే ఉందండి” అనెను. పొట్లము కట్టి ఇచ్చెను. ఊరకనే ఇచ్చునేమో అని నేను సిగ్గుపడుచు జేబులో చేయి పెట్టితిని. నా ముందు నిలిచినవానియొద్ద ఎంత పుచ్చుకొనెనో నాయొద్దను అంతే పుచ్చుకొని, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టెను.